పాత పెట్టె ఎందుకు మూగబోతుంది?

అటక మీద పదేళ్లు పడి ఉన్న హార్మోనియం పెట్టెను కిందికి దించి, దుమ్ము దులిపి, తిత్తి కొట్టి చూడండి. మూడు వింతల్లో ఒక్కటైనా తప్పక కనిపిస్తుంది. ఏ మెట్టూ నొక్కకుండానే ఏదో ఒక స్వరం అదే పనిగా మోగుతూ ఉంటుంది. లేదా పక్కపక్కనున్న రెండు మెట్లలో ఒకటి గట్టిగా పలుకుతుంది, రెండోది ఎంత నొక్కినా నోరు విప్పదు. లేదా అన్నీ పలుకుతాయి గానీ, ఎంత తిత్తి కొట్టినా గాలి చాలక పాట మధ్యలో గొంతు జారిపోతుంది. పెట్టె కింద పడలేదు, విరగలేదు, ఎవరూ ముట్టుకోనే లేదు. మరి ఊరికే ఉన్న వస్తువు ఎలా చెడింది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఈ ప్రశ్న చాలా ఇళ్లలో ఉంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి నాటకం నడుస్తాయి. ఆ నాటకానికి హార్మోనియం ఆధారం. ఒకప్పుడు వాయించిన పెద్దాయన పోయాక, ఆ పెట్టె ఇంట్లో మూలన పడుతుంది. కొన్నాళ్లకు పాత సామాన్ల అంగడికి చేరుతుంది. కుప్పం నుంచి బెంగుళూరుకు రైలు ఉంది కాబట్టి అక్కడి పాత బజార్ల సరుకు కూడా ఇటు వస్తుంది. పెట్టె పక్కనే కాళ్లు విరిగిన బల్ల మీద నల్లటి కుట్టుమిషను, అప్పుడప్పుడు ఒక పాత ఫ్యానో, మిక్సీయో ఉంటాయి. వీటిని చవగ్గా కొని బాగుచేయడం నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్లు ఇప్పుడు కనిపిస్తున్నారు. వాళ్లు మొదట తెలుసుకోవలసింది స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కాదు, లోపల ఏం జరుగుతోందో ఊహించడం. నా నమ్మకం ఏమిటంటే, పాత యంత్రాల్లో కాలం మొదట పాడుచేసేది లోహాన్ని కాదు, లోహానికీ లోహానికీ మధ్య ఉన్న సందును. తోలు, నూనె, సరేసు జిగురు, గాలి, ఇవన్నీ ఆ సందుల్లోనే పని చేస్తాయి. అక్కడే చెడతాయి కూడా.

గాలి స్వరంగా మారే చోటు

హార్మోనియం లోపల వెనక తిత్తి ఒకటి, దాని ముందు పెట్టె అడుగున మరొకటి ఉంటాయి. చేత్తో కొట్టే వెనక తిత్తి బయటి గాలిని లోపలికి పీల్చి, అడుగు తిత్తిలోకి నెడుతుంది. అడుగు తిత్తిని స్ప్రింగులు ఎప్పుడూ నొక్కుతూ ఉంటాయి. చెయ్యి ఆగినా కాసేపు గాలి ఒకే ఒత్తిడితో వస్తూ ఉండేది అందుకే. రెండింటి మధ్య తోలు మూతలు ఉంటాయి. గాలి ఒక వైపుకే వెళ్లనిస్తాయి, వెనక్కి రానివ్వవు.

ఆ గాలి రీడ్లున్న గదిలోకి చేరుతుంది. ప్రతి మెట్టు వెనక చివర ఒక కొయ్య మూత ఉంటుంది, దాని అడుగున మెత్తటి తోలు అతికించి ఉంటుంది. మెట్టు నొక్కితే మూత లేస్తుంది. గాలికి బయటకు దారి దొరుకుతుంది. కానీ ఆ దారిలో ఇత్తడి పలకలో కోసిన సన్నటి గాడి, ఆ గాడి మీద ఒక కొసను రివెట్టుతో బిగించిన ఇత్తడి నాలుక ఉన్నాయి. రీడు అంటే ఇదే.

నాలుక గాడికి కొంచెం పైకి లేచి ఉంటుంది. గాలి ఒత్తిడి దాన్ని గాడిలోకి తోస్తుంది. నాలుక లోపలికి దిగగానే గాలి దారి ఇరుకైపోతుంది. నాలుకలోని స్ప్రింగు గుణం దాన్ని వెనక్కి లాగుతుంది, దారి మళ్లీ తెరుచుకుంటుంది, గాలి మళ్లీ తోస్తుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా ఆ క్షణానే చిన్నగా తోస్తే చాలు, అది ఎంతసేపైనా ఊగుతుంది. గాలి చేసే పని అదే. ఇలా సెకనుకు 240 సార్లు దారి మూసుకుని తెరుచుకుంటే, గాలి 240 చిన్న ముక్కలై బయటికి దూకుతుంది. మన చెవికి అది స్వరం. మనం వినేది ఇత్తడి మోత కాదు, తెగి తెగి వచ్చే గాలి. నాలుకను గోటితో మీటితే వచ్చే చిన్న టింగుమనే శబ్దానికీ, గాలి పోసినప్పుడు వచ్చే నిండు గొంతుకూ పోలికే ఉండదు.

ఏ నాలుక సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో దాని పొడవు, మందం చెబుతాయి. బడిపిల్లల ప్లాస్టిక్ స్కేలును బల్ల అంచున నొక్కిపట్టి, బయటి కొసను మీటితే తెలుస్తుంది. బయటి భాగం తగ్గే కొద్దీ స్వరం పైకి పోతుంది. వీణ తంతిని సగానికి కుదిస్తే కంపనాలు రెట్టింపవుతాయి. కానీ స్కేలు, రీడు నాలుక లాంటి రేకులకు లెక్క వేరు. పొడవు సగమైతే కంపనాలు నాలుగు రెట్లు అవుతాయి. అందుకే హార్మోనియంలో కింది స్థాయి రీడ్లకూ పై స్థాయి రీడ్లకూ పొడవులో మనం అనుకున్నంత తేడా ఉండదు.

గాలి పోయే దారిని వెతకడం

ఇక మొదటి వింతల దగ్గరికి వద్దాం. ఒక కొత్త చెయ్యి పెట్టెను విప్పేముందు చేయవలసిన పని, గాలి ఏ దారిన పోతోందో కనిపెట్టడం. ఏ మెట్టూ నొక్కకుండా, స్వరాల బిరడాలన్నీ మూసి, వెనక తిత్తి నాలుగైదు సార్లు కొట్టి చెయ్యి తీసేయాలి. మంచి పెట్టెలో అడుగు తిత్తి చాలాసేపు నిండుగా ఉంటుంది. నీరుగారిన పెట్టెలో వెంటనే చప్పబడిపోతుంది. అప్పుడు అగరుబత్తి వెలిగించి, నిప్పు తోలుకు తగలకుండా దూరంగా పట్టుకుని, పొగను మాత్రం అతుకుల వెంబడి పోనివ్వాలి. పెట్టెలో గాలి బయటికి నెట్టే ఒత్తిడితో ఉంటుంది కాబట్టి, చిల్లి ఉన్న చోట నిటారుగా లేచే పొగ ఉన్నట్టుండి పక్కకు వంగుతుంది. తిత్తి మడత మూలల్లో, తోలు మూతల చుట్టూ ఎక్కువగా ఇలా దొరుకుతుంది.

తోలు ఎందుకు పాడవుతుంది? తోలు అంటే జంతువు చర్మంలోని పీచు. దాన్ని మెత్తగా ఉంచేది అందులోని నూనె, తేమ. వేసవిలో అటక మీది వేడికి ఆ తేమ పోతుంది. పీచులు ఒకదానికొకటి అతుక్కుని, మడత పెట్టిన చోట చిట్లుతాయి. ఎలుకలకూ, బొద్దింకలకూ తోలూ, సరేసూ తిండి. జంతు మాంసకృత్తులే కదా అవి.

నొక్కకుండానే మోగే స్వరానికి కారణం మెట్టు వెనక మూత సరిగా కూర్చోకపోవడం. కొయ్య తేమ పీల్చితే నార పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. వానాకాలంలో మెట్టు పక్క మెట్టుకు ఒరుసుకుని పైకి రావడం మానేస్తుంది. లేదా మూత కింది తోలులో చిన్న ఇసుక రేణువు ఇరుక్కుని ఉంటుంది. లేదా మెట్టును వెనక్కి లాగే తీగ స్ప్రింగు అలసిపోయి ఉంటుంది. మూడింటినీ వేలితో గుర్తించవచ్చు. ఆ మెట్టును పైకి ఎత్తి చూస్తే మోత ఆగితే లోపం స్ప్రింగుదో కొయ్యదో. ఎత్తినా ఆగకపోతే తోలుది.

వెంట్రుక కంటే సన్నం

మూగ మెట్టు కథ వేరు. నాటకం ఆడేటప్పుడు హార్మోనిస్టు నేల మీద కూర్చుంటాడు. రాత్రంతా వేషగాళ్ల గజ్జెల కాళ్ల కింద మట్టి లేస్తుంది. వెనక తిత్తి ప్రతి పీల్పులోనూ ఆ మట్టిని లోపలికి లాక్కుంటుంది. గాలితో పాటు వెళ్లిన మట్టి ఎక్కడ ఆగుతుంది? అన్నింటికన్నా ఇరుకైన చోట. నాలుక అంచుకూ గాడి అంచుకూ మధ్య సందు మనిషి తల వెంట్రుక కంటే సన్నం. ఆ సందు అంత సన్నంగా ఉంటేనే గాలి వృథాగా జారిపోకుండా నాలుకను తోస్తుంది. కానీ అదే కారణం చేత ఒక్క రేణువు చాలు, నాలుకను కదలకుండా పట్టేస్తుంది. స్వరం పోతుంది.

పుంగనూరు దగ్గర ఒక నాటకం జట్టు పెట్టెను విప్పుతుంటే, మొదటిసారి చూసిన నాకు సగం మెట్లు చచ్చిపోయినట్టే అనిపించాయి. పక్కన కూర్చున్న ముసలి హార్మోనిస్టు, “దీనికేం కాలేదప్పా, ఊపిరాడక అట్లుంది” అన్నాడు. నోట్‌బుక్కు కాగితం సన్నటి పట్టీగా చింపి, నాలుక కొసను గోటితో ఒక్క రవ్వ పైకెత్తి, పట్టీని కిందికి జొనిపి, పక్కకు లాగాడు. కాగితం అంచున బూడిద రంగు గీత ఒకటి అంటుకుని వచ్చింది. రీడు పలకను నోటి దగ్గర పెట్టి చిన్నగా ఊదాడు. పలికింది. ఊదేటప్పుడు ఆయన నాలుక ఉన్న వైపు నుంచే ఊదాడు. రెండో వైపు నుంచి ఊదితే ఈ రీడు సరిగా మేల్కొనదు, ఎందుకంటే గాలి దాన్ని గాడిలోకి తోయదు, గాడి నుంచి దూరంగా నెడుతుంది.

ఇత్తడి మీద పచ్చటి చిలుము పడితే చాలామందికి చింతపండు గుర్తొస్తుంది. ఇంట్లో ఇత్తడి చెంబును తోమే అలవాటు కదా. రీడుకు మాత్రం అది వద్దు. చింతపండులోని ఆమ్లం చిలుముతో పాటు ఇత్తడినీ కొద్దికొద్దిగా తినేస్తుంది. తడి గాడి అంచుల్లో దాక్కుని తర్వాత కూడా తన పని చేస్తూనే ఉంటుంది. చెంబు బరువు కాస్త తగ్గితే నష్టం లేదు. రీడు నాలుక బరువు తగ్గితే స్వరమే మారిపోతుంది. పొడి కుంచె, కాగితం పట్టీ, ఓపిక, ఇవి చాలు.

బాక్స్: ఆకురాయి ఎక్కడ పెట్టాలి?

రీడు స్వరం తగ్గిందనుకోండి. నాలుక కొస దగ్గర సన్నటి ఆకురాయితో ఒకటి రెండుసార్లు గీస్తే స్వరం పెరుగుతుంది. కొస తేలికైతే వేగంగా ఊగుతుంది. స్వరం ఎక్కువైతే రివెట్టు దగ్గర, అంటే నాలుక మొదట్లో గీయాలి. అక్కడ రేకు పల్చబడితే స్ప్రింగు బలం తగ్గి నెమ్మదిగా ఊగుతుంది. ఒకే ఆకురాయి, ఒకే నాలుక, గీసిన చోటును బట్టి ఫలితం తలకిందులు. గీసేటప్పుడు నాలుక కింద పల్చటి రేకు ముక్క పెట్టాలి, లేకపోతే గాడిలోకి వంగిపోతుంది. గీసింది మళ్లీ అతికించలేం కాబట్టి, ముందు దుమ్ము తీసి, అప్పటికీ స్వరం కలవకపోతేనే ఆకురాయి ముట్టాలి. దుమ్ము కూడా బరువే. అది పోతే స్వరం దానంతట అదే సరిపడవచ్చు.

చెవితోనే కొలత

స్వరం కలిసిందో లేదో చెప్పడానికి సంగీతం రానక్కర లేదు. రెండు రీడ్లు కలిసి మోగేటప్పుడు ఒకటి సెకనుకు 240 సార్లు, రెండోది 243 సార్లు ఊగితే, అవి కాసేపు కలిసి నడుస్తాయి, కాసేపు ఎదురెదురవుతాయి. కలిసినప్పుడు శబ్దం హెచ్చుతుంది, ఎదురైనప్పుడు తగ్గుతుంది. ఇలా సెకనుకు సరిగ్గా మూడు ఊపులు వినిపిస్తాయి. తేడా ఎంతో, ఊపులు అన్ని. ఒక రీడును గీస్తూ పోతే ఊపులు నెమ్మదిస్తాయి. పూర్తిగా ఆగిపోయిన చోట రెండూ కలిసినట్టు. ఇంత సున్నితమైన కొలత పరికరం అందరి తలకూ రెండు వైపులా ఉంది. ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే సమస్య ఇంకొకటి ఉంది. 240ని షడ్జమం అనుకుంటే, దానితో సహజంగా కలిసే అంతర గాంధారం 300. హార్మోనియంలో మాత్రం అది సుమారు 302.4కు ఉంటుంది. పంచమం 360 కావాలి, 359.6 వస్తుంది. ఏ మెట్టును షడ్జమం చేసుకున్నా వాయించడానికి వీలుగా స్థాయిని 12 సమాన అడుగులుగా కోయడం వల్ల వచ్చిన రాజీ ఇది. పంచమంలో తేడా చెవికి ఆనదు. గాంధారంలో తంబుర పక్కన వింటే తెలుస్తుంది. పైగా ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు జారడం కుదరదు, గమకం పలకదు.

ఈ రాజీ మీద దేశంలో పెద్ద వాదమే నడిచింది. మదనపల్లెకు దానితో ఒక అనుబంధం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బస చేశారు. జనగణమనకు ఆంగ్లానువాదం చేసింది అక్కడే. కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్న మనిషి, ఆ పాట స్వరాలను ఆమె రాసిపెట్టారు. అదే టాగోర్‌కు హార్మోనియం అంటే గిట్టదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని తన స్టూడియోల్లోంచి తప్పించినప్పుడు ఆయన సమర్థించారు. ఆ నిషేధం 1971లో గానీ సడలలేదు.

రేడియో వాదనలో నిజం ఉంది. కానీ పల్లె నాటకానికి కావలసింది వేరు. మైకు లేని రోజుల్లో వందల మందికి వినపడాలి. రాత్రి చలికీ పగటి ఎండకూ తంతులు వదులై శ్రుతి చెడినట్టు చెడకూడదు. తలకెత్తుకుని ఊరూరికీ తిరగగలగాలి. ఫ్రాన్సులో 1840ల తొలినాళ్లలో అలెగ్జాండ్ర్ దెబేన్ పేటెంటు తీసుకున్న హార్మోనియం కాళ్లతో తొక్కే పెద్ద వాద్యం. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో దాన్ని చేత్తో తిత్తి కొట్టే చిన్న పెట్టెగా మార్చాడు. నేల మీద కూర్చుని వాయించే మన అలవాటుకు సరిపడింది. ఒక చెయ్యి తిత్తికి పోయినా నష్టం లేదు, మన పాటకు ఒక చెయ్యి చాలు. రేడియోలో చోటు లేని 30 ఏళ్లూ ఈ పెట్టె పద్యనాటకంలో రాగాలు తీస్తూనే ఉంది. దాన్ని బాగుచేసే చేతులు ఇప్పుడు తగ్గిపోతున్నాయన్నదే నా బాధ.

కుట్టుమిషను ఎందుకు బిగుసుకుంటుంది?

ఇక అంగట్లో హార్మోనియం పక్కన ఉన్న నల్లటి కుట్టుమిషను సంగతి చూద్దాం. పోత ఇనుము శరీరం, ఉక్కు కడ్డీలు. చక్రం తిప్పితే కదలదు. తుప్పు పట్టిందని చాలామంది వదిలేస్తారు. సాధారణంగా అది తుప్పు కాదు, ఎండిన నూనె.

మిషను నూనె అయిపోతే ఇంట్లో ఉన్న నూనె పోయడం మామూలే. మన వైపు వేరుశనగ నూనె, లేదా తలకు రాసుకునే కొబ్బరి నూనె. వేరుశనగ నూనె అణువుల్లో ఆక్సిజన్‌తో కలవడానికి సిద్ధంగా ఉన్న బలహీనమైన చోట్లు ఉంటాయి. గాలి తగిలిన కొద్దీ ఆ చోట్ల అణువులు ఒకదానికొకటి లంకె పడి, పొడవైన గొలుసులై, చివరికి బంకగా గట్టిపడతాయి. నూనె డబ్బా మూతి చుట్టూ పేరుకునే పసుపుపచ్చటి జిగురు అదే. కొబ్బరి నూనెలో అలాంటి చోట్లు చాలా తక్కువ, కాబట్టి బంక త్వరగా కట్టదు. కానీ అది సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. మదనపల్లె చలికాలం పొద్దునపూట ఉష్ణోగ్రత అంతకన్నా బాగా కిందికి పోతుంది. పొద్దున్నే మొరాయించి, ఎండెక్కాక మామూలుగా నడిచే మిషను వెనక రహస్యం ఇదే కావచ్చు. తెల్లటి మిషను నూనె రాతినూనె నుంచి తీసింది, దానికి ఈ రెండు బాధలూ లేవు.

బంకకు మందు కిరసనాయిలు. కడ్డీలు తిరిగే ప్రతి రంధ్రంలో నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదిలేస్తే అది సందుల్లోకి పాకి, బంకను ఉబ్బించి మెత్తబరుస్తుంది. మర్నాడు చక్రాన్ని అటూఇటూ రవ్వంత కదుపుతూ పోవాలి. బలం వాడితే చక్రం కాదు, లోపలి సన్నటి పిన్ను తెగుతుంది. నల్లటి మురికి బయటికి వచ్చాక తుడిచి, మిషను నూనె వేయాలి. కిరసనాయిలు మిగిలితే కందెన పనికిరాదు, లోహం లోహంతో ఒరుసుకుంటుంది. ఈ పని గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా చేయాలి.

బాక్స్: కుట్టు ఎందుకు తప్పుతుంది?

కుట్టుమిషను సూదిని పరీక్షగా చూస్తే ఒక పక్క పొడవునా గాడి కనిపిస్తుంది, రెండో పక్క అది ఉండదు. సూది దిగేటప్పుడు గాడి వైపు దారం అందులో దాక్కుని గుడ్డకు తగలకుండా పోతుంది. రెండో వైపు దారం గుడ్డకు ఒరుసుకుంటుంది. సూది అడుగుకు దిగి, రెండు మిల్లీమీటర్ల పైచిలుకు వెనక్కి లేచేసరికి, ఒరుసుకున్న దారం గుడ్డ కింద ఆగిపోయి ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణాన షటిల్ మొన వచ్చి ఉచ్చులో దూరుతుంది, అడుగు బాబిన్ దారాన్ని దానితో పెనవేస్తుంది. సూది కాస్త వంగినా, తిప్పి పెట్టినా, పూర్తిగా పైకి నెట్టకుండా బిగించినా ఉచ్చుకూ మొనకూ మధ్య సందు పెరిగి కుట్టు తప్పుతుంది. కాబట్టి లోపలి భాగాలు విప్పే ముందు కొత్త సూది వేసి చూడాలి.

మళ్లీ విప్పగలిగేలా అతికించడం

మళ్లీ హార్మోనియం దగ్గరికి వద్దాం. పాతకాలపు వడ్రంగులు కొయ్యకూ తోలుకూ వాడింది సరేసు. పశువుల తోళ్లూ ఎముకలూ ఉడకబెట్టి తీసిన జిగురు, దాన్నే వజ్రం అని కూడా అంటారు. వేడికీ తడికీ అది మెత్తబడుతుంది. లోపంలా అనిపిస్తుంది గానీ, బాగుచేసేవాడికి అదే వరం. తిత్తి తోలు మార్చాలంటే వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను అతుకు మీద కాసేపు పెడితే చాలు, కొయ్య చీలకుండా ఊడి వస్తుంది. ఇప్పటి తెల్లటి గమ్ములు ఎండాక ఇంత సులువుగా వదలవు. తోలుతో పాటు కొయ్య పొరలూ లేచొస్తాయి. నిమిషాల్లో బిగుసుకునే ఘాటైన గమ్ములు మరీ నష్టం, అవి తోలును గట్టి రేకులా చేసి మడతలోనే విరిచేస్తాయి. విప్పేటప్పుడు మెట్ల అడుగున పెన్సిలుతో వరస సంఖ్యలు వేసుకోవాలి. చూపుకు ఒకేలా ఉన్నా, చేత్తో చెక్కిన పాత పెట్టెల్లో ఒక మెట్టు చోట ఇంకొకటి కుదరదు.

కొత్త చెయ్యి వదిలేయవలసిన పని ఒకటుంది. కొన్ని రీడ్లు దుమ్ము తీసినా, స్వరం సరిచేసినా రోజు రోజుకూ మళ్లీ దిగిపోతూ ఉంటాయి. లక్షల సార్లు ఊగిన నాలుక మొదట్లో కంటికి కనపడని పగులు పడిందని దానర్థం. పగులు దగ్గర రేకు బలహీనపడి నెమ్మదిగా ఊగుతుంది కాబట్టి, తెగిపోయే ముందు స్వరం కిందికి జారుతుంది. అలాంటి నాలుక కొసను ఎంత గీసినా కొద్ది రోజులకే మళ్లీ దిగుతుంది, ఒకరోజు వాయిస్తుండగానే తెగుతుంది. మిగతా రీడ్లను కదపకుండా ఆ ఒక్కదాన్ని తీసి, అదే స్వరానికి కొత్త రీడును తెలిసిన పనివాడి చేత వేయించాలి.